తాడుబండికి నేను టర్బో బిగించిన వైనం

"పద్దెనిమిది బోల్టులు కడిగాను నేను. ఒకటా రెండా, పద్దెనిమిది! కిరసనాయిల్లో నానబెట్టి, పళ్ళు తోముకునే పాత బ్రష్షు పెట్టి బరబరా రుద్ది, తుడిచి, పాత పేపరు మీద పొడుగు వరసన పేర్చాను. అబద్ధమైతే మా మనవరాల్ని అడగండి."

ఆ సాయంత్రం టీ కొట్టు బెంచీ మీద అలా మొదలుపెట్టాను. ఏ కథకైనా మొదటి మెట్టు అందరి కాళ్ళకీ అందేలా ఉండాలి. ఎక్కినవాడు ఎలాగూ దిగలేడు, అప్పుడు మనిష్టం.

రోడ్డుకి ఇవతల టీ కొట్టు, అవతల మా మనవరాలి మెకానిక్ షెడ్డు. షట్టరు సగం దించి ఉంది. లోపల దాని కాళ్ళు, బండి చక్రాలు కనిపిస్తున్నాయి. ఇవతల నా బెంచీకే రెండో చివర దర్జీ మెళ్ళో టేపుతో కూర్చున్నాడు. టీ కొట్టతను స్టవ్వు దగ్గర. బెంచీ పక్కన మా మరిది, లారీ తోలి తోలి మానేసినవాడు, లావుపాటి తాడు చుట్ట ఒకటి కింద వేసుకుని దాని మీద దర్జాగా కూర్చున్నాడు.

"ఆ తాడెందుకు తెచ్చావు మరిదీ?" అన్నాను, తెలిసే.

"అలవాటు వదినా. మీ మనవరాలు బండి బయటికి తీస్తోందంటే నా చేతులు వాటంతటవే తాడు వెతుక్కుంటాయి."

అందరూ నవ్వారు. నవ్వరూ మరి! ఆ కారు పేరే తాడుబండి. మొదటిసారి దానికి టర్బో పెట్టి కొండ రోడ్డెక్కినప్పుడు సగం దారిలో పిస్టను చిల్లిపడింది, మా మరిది లారీకి తాడు కట్టి లాక్కొచ్చాడు. రెండోసారి ఆయిలు పైపు ఊడి టర్బో ఇరుసు అరిగింది, మళ్ళీ అదే లారీ, అదే తాడు, అదే వెక్కిరింపు. రెండోసారి మా అమ్మాయి, అంటే ఆ పిల్ల తల్లి, గుమ్మంలో నిలబడి ఒకటే మాట అంది. "మూడోసారి తాడుతో వచ్చిందా, షెడ్డుకి తాళం వేసి మర్నాటినుంచి నాతో ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చుంటావు." పిల్ల సరేనని మాటిచ్చింది. మా ఇంట్లో మాటంటే మాటే, అందులో నేను తప్ప అందరూ ఒకటే.

ఆ మూడోసారి ఇవాళే. ఏడింటికి మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేలోపు తాడుబండి కొండ పైదాకా వెళ్ళి తన కాళ్ళ మీద తను తిరిగి రావాలి.

"అయినా పెద్దమ్మా, అసలీ టర్బో అంటే ఏంటి?" అన్నాడు దర్జీ. పాపం, కోరి కోరి నా నోట్లో చక్కెర పోశాడు.

"చెబుతా విను. పొగగొట్టంలోంచి వేడి పొగ ఊరికే పోతుందా లేదా? దాన్ని పట్టి ఒక చిన్న పంకా తిప్పిస్తాం. ఆ పంకా ఇరుసుకి అవతలి చివర ఇంకో పంకా ఉంటుంది. అది బయటి గాలిని లాగి ఇంజన్లోకి కుక్కుతుంది. గాలెక్కువైతే పెట్రోలెక్కువ, పెట్రోలెక్కువైతే మంటెక్కువ, మంటెక్కువైతే ఊపెక్కువ. చూడ్డానికి నత్తగుల్లలా ఉంటుంది, తిరగడం మాత్రం నిమిషానికి లక్షసార్లు!"

"లక్షా?" దర్జీ మరిది వంక చూశాడు.

"అది నిజమే" అన్నాడు మరిది, చిన్నబోయినట్టు. నా మాటల్లో నిజం తగిలితే వాడికి అదోలా ఉంటుంది.

ఇంతలో షెడ్డులోంచి కుర్ కుర్ కుర్ మని చప్పుడు. పది లెక్కపెట్టేంతసేపు తిరిగి ఆగిపోయింది.

"అయ్యో, స్టార్టవలేదు!" అన్నాడు టీ కొట్టతను.

"అవకూడదు నాయనా, అది ఉత్తి తిప్పుడు. కొత్త టర్బో ఇరుసు ఆయిలు పొర మీద తేలుతూ తిరగాలి. ఎండు ఇరుసుతో స్టార్టు చేశావా, అక్కడికక్కడే నల్లబొగ్గు. అందుకని ముందు ప్లగ్గులకి నిప్పురవ్వ ఇచ్చే మంట తీగ పీకేసి మూడుసార్లు ఉత్తినే తిప్పుతాం, ఆయిలు అన్ని మూలలకీ ఎక్కుతుంది. ఒక్కో తిప్పుడు తర్వాత కిందికి దూరి టార్చి వేసి, ఎక్కడైనా చెమరుస్తోందా అని చూడాలి. నాలుగోదే అసలు తిప్పుడు. ఈ పద్ధతి దానికి ఎవరు నేర్పారనుకున్నారు?"

"ఎవరు?"

"ఎవరో ఎందుకు చెప్పుకోవడం, మన గురించి మనం చెప్పుకుంటే బాగోదు." అని, నా గురించి చెప్పడం మొదలుపెట్టాను.

"బోల్టులు కడగడంతో ఆగానా? పిస్టన్లు వచ్చాయి. పిల్ల కొలతలు తీస్తోంది, కాగితాలు చూస్తోంది. నేనన్నాను, పక్కకి జరగవే, కుండ కొనేటప్పుడు ఏం చేస్తాం, తట్టి చూడమూ? ఒక్కోదాన్నీ గోటితో తట్టాను. మూడు ఖంగుమన్నాయి. నాలుగోది డొల్లగా పలికింది. ఇది తిప్పి పంపించెయ్ అన్నాను. పంపిస్తే వాళ్ళు భూతద్దం పెట్టి చూసి, తల వెంట్రుకలో పదో వంతు పగులుందని, ఈ చెవులు ఎవరివో ఒకసారి మా ఫ్యాక్టరీకి పంపమని ఉత్తరం రాశారు!"

"చెవులు మాత్రమేనా, మనిషిని కూడానా?" అన్నాడు మరిది.

"మనిషి వస్తే ఇక్కడ షెడ్డు ఎవరు నడుపుతారని భయపడి చెవులే అడిగారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బిగింపు. ఇంజను తల బిగించడానికి లెక్కుంటుంది. ఎక్కువ బిగిస్తే బోల్టు సాగుతుంది, తక్కువైతే గాలి కారుతుంది. దానికి పిల్ల దగ్గర ముల్లున్న స్పానరుంది. నాకెందుకది? సీసా మూతలు బిగించి బిగించి ఈ మణికట్టు తూకపురాయైపోయింది. కళ్ళు మూసుకుని బిగించాను. ఆఖరి బోల్టు బిగిస్తుంటే షెడ్డు నేల కాస్త తిరిగింది. అందుకే ఆ షట్టరు ఇప్పటికీ వంకర."

దర్జీ లేచి వెళ్ళి షట్టరు వంక తల వాల్చి చూశాడు. నిజంగానే వంకర. కట్టినప్పటినుంచీ వంకరే, కానీ ఆ సంగతి చెప్పాల్సిన వేళ కాదది.

"పైగా జాగ్రత్త! బలం ఎవరైనా పెంచుతారు, పెంచిన బలం మర్నాడు పొద్దున్న కూడా ఉండాలి. అదీ పనితనం. మా మనవరాలు గాలి ఒత్తిడి ఇంజను తట్టుకునేదానికంటే రెండు మెట్లు కిందే పెట్టింది. కూరగాయలకి వెళ్ళినా అదే బండి, కొండెక్కినా అదే బండి అంటుంది. ఇంకో పద్ధతి చూడండి. ఇంజను విప్పి ఉన్నప్పుడు నోళ్ళన్నీ తెరుచుకుని ఉంటాయి, లోపల ఒక నట్టు పడిందా, ఇంతే సంగతులు. అందుకని నోళ్ళలో గుడ్డలు కుక్కుతుంది. ఎర్ర గుడ్డలు, ఐదే ఐదు, ఒకటినుంచి ఐదుదాకా అంకెలేసి ఉంటాయి. గోడకి ఐదు మేకులు. ఐదు గుడ్డలూ ఐదు మేకులకీ చేరితే తప్ప తాళం చెవి ముట్టుకోదు. అదుగో, ఇక్కణ్ణుంచి కూడా కనిపిస్తున్నాయి చూడండి."

చూశారు. సగం దించిన షట్టరు కింద, గోడ అడుగున, ఐదు ఎర్ర గుడ్డలు వరసగా వేలాడుతున్నాయి.

"అయినా చిన్నపిల్ల కదా, దాని జాగ్రత్త ఐదు గుడ్డల దగ్గర ఆగిపోయింది. నాది ఆగుతుందా? మొన్న అది భోజనానికి వెళ్ళినప్పుడు నేను షెడ్డులో ఉన్నాను. చూద్దును కదా, హెడ్‌లైటు వెనక టర్బోకి గాలి వెళ్ళే గొట్టం నోరు తెరుచుకుని ఉంది! రోడ్డు మీద దుమ్మేమో ఇంతెత్తున లేస్తోంది. ఒక్క రేణువు పోయినా పంకా రెక్క విరుగుతుంది. వెంటనే నా నడుములో దోపుకునే ఆకుపచ్చ గుడ్డ తీసి, మోచేయిదాకా చెయ్యి పెట్టి, వంపు దాటించి మరీ కుక్కాను. దుమ్ము కాదు, దోమ కాదు, చెడ్డ ఆలోచన కూడా ఆ గొట్టంలోకి దూరలేదు!"

కుర్ కుర్ కుర్. రెండో తిప్పుడు.

"మరి బండి ఇంకా స్టార్టే చెయ్యలేదుగా, ఎలా పరిగెడుతుందో ఎవరికి తెలుసు?" అన్నాడు టీ కొట్టతను, నా గ్లాసు నింపుతూ.

ఇలాంటి ప్రశ్న అడిగినవాడికి పుణ్యం ఊరికే పోదు. చుట్టూ చూసి గొంతు తగ్గించాను.

"మా మనవరాలికి చెప్పనంటే చెబుతా. నిన్న మధ్యాహ్నం అది కునుకు తీస్తున్నప్పుడు నేను తీశాను."

"బండినా?"

"బండినే. మెల్లగా రోడ్డెక్కించి, కొండ మొదట్లో యాక్సిలరేటరు నొక్కాను. నొక్కగానే ఏమీ ఉండదు. టర్బో గుణమే అంత, ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంటుంది. కంగారుపడకూడదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా వీపు సీటుకి అతుక్కుంది, సీటు డిక్కీకి అతుక్కుంది, నా మొహం మీది ముడతలన్నీ జారి చెవుల వెనక్కి పోయాయి! అద్దంలో చూసుకుంటే ఎవరో పదహారేళ్ళ పిల్ల. ఎవరమ్మాయివే, దిగు నా బండి అని గదమాయించాను కూడా."

దర్జీకి పొలమారింది. మరిది మాత్రం టీ చప్పరిస్తూ షెడ్డు వైపే చూస్తున్నాడు.

"మైలురాళ్ళు దువ్వెన పళ్ళలా పోతున్నాయి. స్పీడు ముల్లు గుండ్రంగా రెండుసార్లు తిరిగి సున్నా దగ్గరికి వచ్చేసింది. దారిలో పోలీసు ఆపాడు, ముల్లు చూశాడు, సున్నా ఉంది. అమ్మా మీరు ఆగే ఉన్నారు, వెళ్ళండి అని సెల్యూట్ కొట్టాడు. ఇంకాస్త పైకెళ్ళాక వాన. అంత వేగంలో చినుక్కీ చినుక్కీ మధ్య సందు కనిపిస్తుంది, ఆ సందుల్లోంచి పోనిచ్చాను. అద్దం మీద ఒక్క చుక్క పడితే ఒట్టు!"

"మరి మలుపులో?" అన్నాడు దర్జీ. మెళ్ళో టేపు చేతికి చుట్టేసుకుంటున్నాడు పాపం.

"మలుపులోనే వచ్చింది చిక్కు. మూడో మలుపులో నా నీడ తిరగలేకపోయింది. నేను తిరిగాను, బండి తిరిగింది, నీడ తిన్నగా వెళ్ళిపోయింది. కొండ మీద ఆగి పది నిమిషాలు చూశాక, రొప్పుకుంటూ నడిచొచ్చింది. ఎండలో నీడ లేకుండా ఎంతసేపు నిలబడను చెప్పు?"

"అదీ నిజమే" అన్నాడు టీ కొట్టతను. నమ్మాడని కాదు, నాతోపాటు ఎక్కేశాడు, దిగే మెట్టు కనపడటం లేదు.

"ఇక దిగడం. దిగేటప్పుడు బరువు కూడా తోడైంది కదా, ఏం చెప్పమంటారు! పైన కొట్టిన హారను కింద ఊళ్ళో నాకే ఎదురొచ్చింది. ఆ ఊపున ఈ వీధి మలుపు తిరిగి షెడ్డు దగ్గరికొచ్చేసరికి, షెడ్డులోంచి ఎవరో బండి బయటికి తీస్తున్నారు. ఎవరా అని చూస్తే, నేనే! ఇంకా బయల్దేరనే లేదు! నాకు నేనే హారను కొట్టి, నాకు నేనే దారిచ్చి, పక్కకి తప్పుకున్నాను!"

బెంచీ అంతా ఘొల్లుమంది. దర్జీ టేపుతో కళ్ళు తుడుచుకున్నాడు. గుక్కెడు టీ తాగి గ్లాసు కింద పెట్టాను, ఇంతకంటే పైన ఇంకో మెట్టు ఉందేమోనని ఆలోచిస్తూ.

అప్పుడు మా మరిది తాడు చుట్ట మీద నుంచే అన్నాడు. "వదినా, అన్నీ ఒప్పుకున్నాను. పిస్టను పాడింది, ఒప్పుకున్నాను. నీడ నడిచొచ్చింది, ఒప్పుకున్నాను. నీకు నువ్వే ఎదురొచ్చావు, దానికీ సరే. ఒక్కటే అనుమానం."

"అడుగు, అడుగు."

"ఆ ఆకుపచ్చ గుడ్డ ఎప్పుడు తీశావు?"

నిన్న పొద్దున్న, అందామని నోరు తెరిచాను. ఆ ఒక్క మాటతో మరిది నోరు మూతపడేది, నా కథ దర్జాగా ఇంటికెళ్ళేది. నోరు తెరుచుకునే ఉంది, చెయ్యి మాత్రం దానంతటది నడుము దగ్గరికి పోయింది. అక్కడ గుడ్డ లేదు. నిన్నా లేదు. మొన్న సాయంత్రం గిన్నె దింపడానికి వెతుక్కుని కొంగుతో దింపి చెయ్యి కాల్చుకున్నది గుర్తొచ్చింది.

కుర్ కుర్ కుర్. మూడో తిప్పుడు.

ఐదు మేకులకీ ఐదు ఎర్ర గుడ్డలు. నా గుడ్డ ఆ లెక్కలోనే లేదు. దాని లెక్క సరిపోయింది, ఇప్పుడు తాళం తిప్పుతుంది, పంకా లక్షసార్లు తిరుగుతూ గాలితోపాటు గుడ్డనీ లాక్కుంటుంది. ఆపైన తాడు, తాళం, కుర్చీ.

లేచాను. ఎలా లేచానో బెంచీకే తెలియాలి, అవతలి చివర దర్జీ కిందపడ్డాడట. "ఆపవే! ముట్టుకోకే తల్లీ! ఆపు!" అని అరుస్తూ రోడ్డుకి అడ్డం పడ్డాను. షట్టరు కింద ఎలా దూరానో గుర్తులేదు.

పిల్ల సీట్లో కూర్చుని ఉంది. చెయ్యి తాళం చెవి మీద ఉంది. "ఏమైంది అమ్మమ్మా? అమ్మ వచ్చేసిందా?"

"గుడ్డ" అన్నాను. ఊపిరాడక అంతకంటే మాట రాలేదు. హెడ్‌లైటు వెనక్కి వేలు చూపించాను.

"గుడ్డలన్నీ మేకులకే ఉన్నాయి."

"నాది. పచ్చది."

అది తాళం చెవి బయటికి లాగింది. దిగింది, గొట్టం మూతికి బిగించిన గాలి ఫిల్టరు ఊడదీసింది, చెయ్యి పెట్టింది, అందలేదు. పొడుగు ముక్కు పట్టకారు పెట్టి, చెంప బానెట్టుకి ఆనించి, కళ్ళు మూసుకుని వెతికింది. ఈలోపు టీ కొట్టంతా వచ్చి షట్టరు పైకెత్తి వరసగా నిలబడింది. చివరికి బయటికొచ్చింది నా గుడ్డ, మెల్లగా, పొడుగ్గా. ఉత్తి తిప్పుళ్ళ గాలికే జానెడు లోపలికి జరిగిందట. పంకా రెక్కలకి ఇంకా రెండు వేళ్ళ దూరం.

పిల్ల ఆ గుడ్డ పట్టుకుని బానెట్టుకి ఆనుకుంది. దాన్ని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. ఈ కథలో నేను పెంచి చెప్పనిది అదొక్కటే.

"ఎందుకు పెట్టావు?"

"దుమ్ము పడుతుందని."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఊరందరికీ చెప్పాను. నీకే చెప్పలేదు."

వెనక ఎవరో నవ్వబోయి మానుకున్నారు. మరిది దగ్గాడు. "అమ్మాయ్, నిన్న మధ్యాహ్నం మీ అమ్మమ్మ ఈ బండిని కొండెక్కించి దింపిందట. బండి మొత్తం తనే చేసిందట. గుడ్డతో సహా."

పిల్ల నా వైపు తిరిగింది. "అమ్మమ్మా, ఇది నవ్వులాట కాదు. తాళం తిప్పేముందు నాకు తెలియాలి. ఈ బండికి నువ్వు ఏమేం చేశావు? నిజం."

దర్జీ, టీ కొట్టతను, మరిది, అందరూ చూస్తున్నారు. నా డెబ్బై నాలుగేళ్ళలో అంత చిన్న జవాబు ఎప్పుడూ చెప్పలేదు.

"బోల్టులు కడిగాను. పద్దెనిమిది."

"పద్దెనిమిదా?"

"పదిహేడు. ఒకటి నువ్వే కడిగావు."

అది ఒక్కసారి పైకి చూసి ఊపిరి వదిలింది. తర్వాత సుత్తి తీసుకుంది. ఐదో మేకు పక్కన ఇంకో మేకు కొట్టింది. నా ఆకుపచ్చ గుడ్డ మీద నల్ల పెన్నుతో ఆరు అంకె వేసి ఆ మేకుకి తగిలించింది. "ఇకనుంచి ఆరు" అంది. "నీ గుడ్డ కూడా లెక్కలో ఉంటుంది. నువ్వు కూడా."

ఫిల్టరు బిగించి, మంట తీగ తగిలించి, ఆరు మేకులూ వేలితో చూపిస్తూ పైకి లెక్కపెట్టి, తాళం తిప్పింది.

అరవలేదది. ఉరమలేదు. కడుపు నిండిన పిల్లి పడుకున్నట్టు గుర్రుమని నిలబడింది, గోడ మీది గుడ్డలు కూడా కదల్లేదు. పిల్ల పది నిమిషాలు ముళ్ళన్నీ చూసింది, కింద టార్చి వేసింది. ఒక్క చుక్క లేదు. మరిది బయటికెళ్ళి తాడు చుట్ట భుజానికెత్తుకున్నాడు. "దీన్ని ఇంట్లో పడేసొస్తా. ఇవాళ దీనికి పని లేదు" అన్నాడు. వాడి నోట అంతకంటే పెద్ద పొగడ్త రాదు.

పిల్ల నా వైపు తలుపు తెరిచింది. "ముందు సీట్లో కూర్చో. చేతులు ఒళ్ళో పెట్టుకో. ఏదీ ముట్టుకోకు."

మహారాణిలా కూర్చున్నాను. షట్టరు దాటుతుంటే కిటికీలోంచి తల బయటపెట్టాను. ఎంత కాదన్నా నోరు ఊరుకుంటుందా? "చూశారుగా, ఇందాక రోడ్డు ఎలా దాటానో! కన్ను మూసి తెరిచేలోపు అవతలున్నాను! టర్బో బండికి పెట్టడం దండగ, నాకు పెట్టాల్సింది!"

టీ కొట్టతను పరుగెత్తుకుంటూ వచ్చాడు. చేతిలో నా ఎడమ కాలి చెప్పు. బెంచీ కిందే ఉండిపోయిందట.

కిటికీలోంచి నా ఒళ్ళో పెట్టి, రొప్పుతూ అన్నాడు.

"ఇదిగో పెద్దమ్మా, నీ నీడ. ఇప్పుడే వచ్చింది."